ఆల్డో తెచ్చిన బకెట్టు

డ్రై క్రీక్ లోయలో ఎవరినడిగినా ఒకటే మాట చెబుతారు: కోరిన్ బ్రస్కా ముక్కు అబద్ధమాడదు. వైను గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకుంటే చాలు, అది ఏ గట్టు మీద పండిన ద్రాక్షో, ఎన్ని నెలలు పీపాలో నానిందో చెప్పేస్తుందని పేరు. ముప్పై ఏళ్ళు ఆమెకు కూడు పెట్టింది ఆ ముక్కే. అది చచ్చిపోయి రెండేళ్ళయిందన్న సంగతి మాత్రం ఆమెకూ, ఆమె డాక్టరుకూ తప్ప మూడో మనిషికి తెలియదు.

ఆ శనివారం ఉదయం ఆమె తన పాత వ్యాను బయటికి తీస్తుంటే ఎదురింటి బర్ట్ గొట్టంతో పూలమొక్కలకు నీళ్ళు పెడుతూ పలకరించాడు. వ్యాను లోపల ఒక మంచం, ఒక గ్యాసు పొయ్యి, చిన్న సింకు ఉన్నాయి. వైను తయారుచేసే వైనరీలో ఉద్యోగానికి నడుమునొప్పి సాకు చెప్పి సెలవు పుచ్చుకున్నాక కొనుక్కున్న బండి అది.

"ఏం కోరిన్, ఇల్లు నెత్తినేసుకుని ఎక్కడికి?"

"సముద్రం దాకా. పాయింట్ అరీనా."

"జులైలోనా? అక్కడి మంచులో నీ చెయ్యి నీకే కనపడదు. ఒక్కదానివే వెళ్తున్నావా?" అని, తన హాస్యానికి తానే ముందుగా నవ్వుకున్నాడు. "నీకేంలే! దారి కనపడకపోతే వాసన పట్టుకుని పోతావు."

కోరిన్ కూడా నవ్వింది. ఈ రెండేళ్ళలో ఆమె బాగా నేర్చుకున్న పని అదొక్కటే. స్టీరింగు పక్కనున్న చిన్న అరలో మడతపెట్టిన కాగితం ఒకటి ఉంది. అది అక్కడే ఉందో లేదో ఒకసారి తడిమి చూసుకుని బయల్దేరింది. ఇవాళ హేజెల్‌కు నిజం చెప్పెయ్యాలి, అంతే. మూడు గంటల దారి. చెప్పాల్సింది మూడు మాటలు.

దారికి రెండు పక్కలా ద్రాక్షతోటలు మోకాళ్ళ ఎత్తున పట్టిన దుమ్ముతో, పచ్చగా, వరసగా ఉన్నాయి. ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. హేజెల్ భర్త ఆల్డో తోట ఉండే మలుపు దగ్గర ఆమె ఎప్పుడూ తల అటు తిప్పదు. ఇవాళ తిప్పింది. పదకొండు ఎకరాల ఉత్త నేల. ఎవరో కొని గడ్డి పెంచుతున్నారు, గుర్రాల కోసమట.

ఆ కథ ఎంత చిన్నదో అంత పాడు కథ. కరోనా ఏడాది ఆగస్టులో వాన లేకుండా ఉత్త పిడుగులు పడ్డాయి. కొండలు అంటుకున్నాయి. వారాల తరబడి లోయంతా పొగ. పొగతో వచ్చే చిక్కేమిటంటే, అది ద్రాక్ష తొక్కలో దాక్కుంటుంది. పండు కొరికితే తెలియదు. పులిసి వైనయ్యాక మెల్లగా బయటపడుతుంది. అప్పుడు తాగితే, ఆరిపోయిన పొయ్యిలోని బూడిద నాకినట్టుంటుంది. ల్యాబుకు పంపిస్తే జవాబు రావడానికి ఆరు వారాలన్నారు ఆ ఏడాది. పండిన ద్రాక్ష ఆరు వారాలు ఆగుతుందా? అందుకని రైతులు తాతలనాటి పద్ధతిలోకి దిగారు. ఒక బకెట్టు ద్రాక్ష కోసి, చేత్తో నలిపి, ఈస్టు చల్లి, అయిదారు రోజులు గరాజులో పులియబెట్టి, ఆ బకెట్టు పట్టుకుని నమ్మకమైన ముక్కు దగ్గరికి పోవడం. లోయలో నమ్మకమైన ముక్కంటే కోరిన్ ముక్కే. ఆమె "శుభ్రం" అంటే వైనరీ పంట కొంటుంది. "పొగ" అంటే పంట తీగ మీదే ఎండిపోతుంది.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఆమెకు రెండు రోజులు జ్వరం వచ్చి పోయింది. మూడోనాడు పొద్దున కాఫీ కప్పు ఎత్తితే అది ఉత్త వేడినీళ్ళు. సబ్బు వాసన లేదు, వెల్లుల్లి వాసన లేదు, తన చెమట వాసన కూడా లేదు. వారంలో తిరిగొస్తుందిలే అనుకుంది. కోతల వేళ ముక్కు పోయిందని చెప్పడమంటే, పెళ్ళినాడు వంటవాడు నాకు ఉప్పూ కారం తెలియడం లేదని చెప్పడమే. నోరు మూసుకుంది. వచ్చిన ప్రతి బకెట్టు మీదికీ వంగి, కళ్ళు మూసుకుని, "పొగ" అంది. శుభ్రం అని చెప్పి తప్పయితే వైనరీ పీపాలన్నీ పాడవుతాయి, తన పేరు గంగలో కలుస్తుంది. పొగ అని చెప్పి తప్పయితే ఎవరికి తెలుస్తుంది?

ఆల్డోకప్పుడు డెబ్బై రెండేళ్ళు. వాళ్ళ తాత ఇటలీ నుంచి వచ్చి నాటిన పాదులు అతనివి, ఒక్కొక్కటి మనిషి తొడంత లావు. ట్రక్కులోంచి బకెట్టు పసిపాపను దించినట్టు దించాడు.

"చూడు కోరిన్. నాకైతే పొగేం రావట్లేదు. నువ్వు చెప్పు."

ఆమె వంగింది. లోపల ఎర్రటి నురగ కనిపించింది, అంతకు మించి ఏమీ లేదు. "పొగ ఉంది ఆల్డో. సారీ," అంది.

అతను వాదించలేదు. తనే వంగి మళ్ళీ వాసన చూశాడు. మళ్ళీ చూశాడు. "అయితే నా ముక్కే పోయినట్టుంది," అని నవ్వి, మూత గట్టిగా బిగించి బకెట్టు తీసుకుని వెళ్ళిపోయాడు. అతను వెళ్ళాక, నురగ పడ్డ చిన్న గాజుసీసా ఒకటి ఆమె బల్ల మీద ఉండిపోయింది. ప్రతి బకెట్టులోంచీ కొంచెం తీసి దాచడం ఆమెకు అలవాటు.

పంట తీగ మీదే పోయింది. డిసెంబరులో ఆల్డో బుల్డోజరు పిలిపించి పాదులన్నీ పీకించాడు. జనవరిలో ఒక పొద్దున ఆ మోడులన్నిటినీ కుప్ప పోసి నిప్పంటించి, ఆ మంట పక్కనే గుండె పట్టుకుని కూలిపోయాడు. దాచిన సీసాలన్నీ ల్యాబుకు పంపిస్తే, మార్చిలో కోరిన్‌కు కాగితం వచ్చింది. తాను వద్దన్న బకెట్లలో ఒక్కటి తప్ప అన్నిటిలోనూ పొగ ఉంది. ఆ ఒక్కటీ ఆల్డోది. అతని గట్టు పడమటి వైపుంది కదా, సముద్రపు గాలి పొగను పక్కకు నెట్టేసినట్టుంది. కోరిన్ ఆ కాగితం చదివి వంటగదిలో నేల మీద కూర్చుండిపోయింది. ఆ తరవాత ఎన్నోసార్లు ఫోను చేతిలోకి తీసుకుంది, ఎన్నోసార్లు పెట్టేసింది. హేజెల్ తోట అమ్మేసి, చనిపోయిన అన్నగారి ఇల్లు ఖాళీగా ఉంటే సముద్రం ఒడ్డుకు వెళ్ళిపోయింది. కోరిన్‌కు సిగ్గులేదా అంటే ఉంది, పుట్టెడుంది. దాన్ని మోస్తూ రెండేళ్ళు తిరిగింది గాని, ఎక్కడా దింపలేదు.

పోయిన వారం హేజెలే ఫోను చేసింది. "శనివారం ఆయన పుట్టినరోజు. ఒక్క సీసా మిగిలింది, విప్పుతున్నాను. నువ్వు రావాలి."

మాంటే రియో దాటాక ఎండ పోయింది. దేవదారుల్లాంటి ఎర్ర చెట్లు దారికి పైకప్పు వేశాయి. ఆ చివర, జెన్నర్ దగ్గర నది సముద్రంలో కలిసేచోట, ఎదురుగా ఉత్త తెలుపు. సముద్రం వినిపిస్తోంది గాని కనిపించడం లేదు. ఒళ్ళు జిల్లుమంది. బండి పక్కకు ఆపి, కాఫీకి నీళ్ళు పెట్టుకుంది. పక్క తలుపు తెరిచి ఉండటంతో గాలి వచ్చి పొయ్యి ఆర్పేసింది. మళ్ళీ వెలిగించింది, మళ్ళీ ఆరింది. "పోవే," అని పొయ్యి మీద విసుక్కుని, చూడకుండానే మీట తిప్పేసి, గోరువెచ్చటి నీళ్ళలోనే కాఫీ కలుపుకుని తాగింది. ఎలా ఉంటే ఏం? ఆమెకు అన్ని కాఫీలూ ఒక్కటే.

తరవాత దారంతా కొండ అంచున పాములా తిరిగింది. కుడివైపు కంచె, ఎడమవైపు ఏమీ లేదు. గంటకు పాతిక మైళ్ళు మించి పోలేకపోయింది. చెప్పాల్సిన మాటలు గట్టిగా పైకే వల్లించుకుంది. "హేజెల్, నాకప్పుడు వాసన తెలియదు. ఆల్డోదే నిజం." వినడానికి ఎంత సులువుగా ఉందో! ఇంకోసారి వల్లిస్తుంటే వెనకాల నేల దగ్గర బిగించిన గ్యాసు అలారం కీచుమంది. ఆగి, మళ్ళీ కీచుమంది. అది బ్యాటరీ తగ్గినప్పుడూ అరుస్తుంది, తేమ పట్టినప్పుడూ అరుస్తుంది. పోయిన నెల ఒక రాత్రంతా ఊరికే అరిచి నిద్ర చెడగొట్టింది. స్టీవార్ట్స్ పాయింట్ దగ్గర బండి ఆపి, వెనక్కి వెళ్ళి, చిరాకుగా దాని బ్యాటరీలు పీకి సింకులో పడేసింది. వేరే మనిషైతే ఒకసారి గాలి పీల్చి చూసేది.

గువలాలాలో చేపల కొట్టు దగ్గర ఆగింది. వట్టి చేతులతో ఎలా వెళ్తుంది? కొట్టామె చేప ముక్క ఒకటి కాగితం మీద పెట్టి ఆమె ముక్కు ముందుకు తెచ్చింది. "పొద్దునే పొగబెట్టాం. చూడండి ఆ వాసన!"

"అబ్బ, ఎంత బాగుందో," అంది కోరిన్. కొనేసి బండెక్కాక గాని తాను కొన్నదేమిటో ఆమెకు తట్టలేదు.

హేజెల్ ఇల్లు పాయింట్ అరీనాకు ఇవతల, గడ్డినేలలో, చెక్క ఇల్లు. ఉప్పుగాలికి రంగంతా పోయింది. మంచులో ఎక్కడో, నీళ్ళ మీద తేలుతూ పడవలను హెచ్చరించే మోగుబోయా ఒకటి ఆగి ఆగి మూలుగుతోంది. హేజెల్ వాకిట్లోనే నిలబడి ఉంది. డెబ్బై నాలుగేళ్ళ మనిషి, ఆల్డో ఉన్ని కోటే వేసుకుంది. దాని చేతులు మడిచి వేసుకున్నా వేళ్ళు కనిపించడం లేదు.

"వచ్చావా అమ్మాయ్! మంచులో ఎక్కడ దొర్లిపోయావో అనుకున్నా. ఏంటది చేతిలో?"

"సాల్మన్. గువలాలాలో కొన్నా."

హేజెల్ కాగితం విప్పి చూసి పకపకా నవ్వింది. "పొగబెట్టిందా? ఏడిసినట్టుంది! వెతికి వెతికి ఇవాళ ఈ ఇంటికి పొగే తెచ్చావా?"

కోరిన్‌కు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. హేజెల్ అదేం పట్టించుకోకుండా ఆమె భుజం పట్టుకుని లోపలికి తీసుకుపోయింది. కిటికీ దగ్గర బల్ల మీద రొట్టె, జున్ను, రెండు గ్లాసులు, ఒక సీసా ఉన్నాయి. సీసాకు లేబులు లేదు. తెల్ల టేపు మీద ఆల్డో చేతిరాత: బకెట్టు.

"అదేనా?" అంది కోరిన్.

"అదే. నువ్వు వద్దన్న బకెట్టే. ఆయన పారబోయలేదు. వడకట్టి నాలుగు సీసాల్లో పోశాడు. మూడు తనే తాగేశాడు." హేజెల్ సీసా విప్పుతూ చెప్పసాగింది. "తాగాడంటే ఆనందంగా కాదులే. రోజూ దాని ముందు కూర్చునేవాడు. ఉల్లిపాయ వాసన చూసేవాడు, డీజిల్ వాసన చూసేవాడు, వచ్చి నా మెడ వాసన చూసేవాడు. 'అన్నీ తెలుస్తున్నాయే హేజెల్, ఆ పొగొక్కటే తెలీట్లేదేంటే?' అనేవాడు. చివరికొకరోజు, 'వైను చెడిందో లేదో తెలీనోడికి తోటెందుకు, పీకించేస్తా' అన్నాడు. మర్నాడే బుల్డోజరుకి ఫోను."

కోరిన్ బల్ల మీదికి వంగింది. ఇప్పుడే, ఈ క్షణమే చెప్పాలి. "హేజెల్, నేనొక మాట..."

"ఆగు, నన్ను చెప్పనీ. ఇది నేనెవరికీ చెప్పలేదు." హేజెల్ రెండు గ్లాసుల్లోనూ వైను పోసింది. "నన్నూ చూడమన్నాడు. చూశాను. నాకూ పొగ రాలేదు. కానీ ఏమన్నానో తెలుసా? 'కోరిన్ ఉందంటే ఉన్నట్టే, ఊరుకో ముసలోడా' అన్నా. ఆ మాట రెండేళ్ళుగా నన్ను తింటోంది. అందుకే పిలిచా నిన్ను. మళ్ళీ చూసి చెప్పు. పొగ ఉందన్నావనుకో, పోన్లే, ఆ తోట ఎలాగూ పోయేదే అనుకుని పడుకుంటా."

"లేదంటే?"

"లేదంటే, తోట పీకించింది నేనే అవుతా."

కోరిన్ గ్లాసు ఎత్తింది. అలవాటుగా తిప్పింది. కళ్ళు మూసుకుంది. ముప్పై ఏళ్ళ పద్ధతి, ఒక్క కదలిక కూడా తప్పు పోలేదు. లోపల మాత్రం ఊడ్చిన గదిలా ఖాళీ. ఒక గుక్క తాగితే నాలుకకు పులుపు తగిలింది, చివర కాస్త వగరు. కళ్ళు తెరిస్తే ఎదురుగా ముసలామె కళ్ళు, పసిపిల్ల కళ్ళలా ఆశగా ఉన్నాయి. నిజం చెబితే ఈమె చచ్చిపోతుంది అనుకుంది కోరిన్. పిరికితనం ఎప్పుడూ అంతే, జాలి ముసుగు వేసుకునే వస్తుంది.

"ఉంది, హేజెల్. పొగ ఉంది."

హేజెల్ కుర్చీలోకి జారిపోయింది. కోరిన్ చెయ్యి పట్టుకుని, ముద్దు పెట్టుకుని, ఏడ్చింది. "బతికించావే తల్లీ," అంది. "బతికించావు."

కోరిన్‌కు తన మీద తనకు ఎంత అసహ్యం వేసిందంటే, ఆ చెయ్యి తనది కాకపోతే బాగుండుననిపించింది. "వ్యానులో పళ్ళు మర్చిపోయా, తెస్తా," అని లేచింది. పళ్ళూ లేవు, ఏమీ లేవు. కోటు కూడా తీసుకోకుండా మంచులోకి నడిచి, వ్యాను ఎక్కి, చలికి తలుపు లాగేసుకుంది. అరలోంచి ల్యాబు కాగితం తీసి మంచం మీద కూర్చుంది. ఇక దీనితో పనేముంది? అబద్ధం చెప్పడం ఎలాగూ అయిపోయింది, ఇది ఒకటి మిగిలిపోతే ఎప్పుడో ఎవరికో దొరుకుతుంది. సింకులో కాల్చేద్దామనుకుంది. సింకులో అలారం బ్యాటరీలు దొర్లుతున్నాయి. వాటిని పక్కకు నెట్టి, పొయ్యి పక్కనుండే లైటరు చేతిలోకి తీసుకుంది. బొటనవేలు చక్రం మీద పెట్టింది.

తలుపు ధడాలున జరిగింది. చేతిలో కోరిన్ కోటుతో హేజెల్. ఆమె కోటు వదిలేసి, ఒక్క దెబ్బతో లైటరును దూరంగా కొట్టింది.

"దేవుడా! గ్యాసు! బయటికి రా! రావే బయటికి!"

జుట్టు పట్టుకుందో, చొక్కా పట్టుకుందో, డెబ్బై నాలుగేళ్ళ మనిషి కోరిన్‌ను గడ్డిలోకి ఈడ్చి పడేసింది. తరవాత వెనక్కి వెళ్ళి, ఊపిరి బిగబట్టి, పొయ్యి మీట బిగించి, సిలిండరు కట్టేసి, తలుపులన్నీ బార్లా తెరిచింది. దగ్గుతూ వచ్చి గడ్డిలో నిలబడింది.

"గేటు దగ్గరికే గుప్పుమంది. తలుపేసుకుని అందులో ఎలా కూర్చున్నావే? అగ్గి ఎలా వెలిగించబోయావే?"

"జలుబు చేసింది," అంది కోరిన్.

"ఇందాక గ్లాసు ముందు లేదే జలుబు."

మోగుబోయా ఒకసారి మూలిగింది, మళ్ళీ మూలిగింది. హేజెల్ కోరిన్ ముఖం వంక చూస్తూ నిలబడింది. చూస్తూ చూస్తూ ఉండగానే హేజెల్ ముఖంలో రంగు మారిపోయింది.

"ఎప్పట్నుంచి?"

"ఆ ఆగస్టు నుంచి."

"బకెట్టుకు ముందా, తర్వాతా?"

"ముందే. తొమ్మిది రోజులు ముందు."

కాగితం తడిగడ్డిలో పడి ఉంది. హేజెల్ వంగి తీసుకుంది. కళ్ళజోడు ఇంట్లో ఉంది కాబట్టి చెయ్యి దూరంగా చాపి చదివింది. చాలాసేపు చదివింది. అందులో ఆల్డో బకెట్టు గురించి ఉన్నది మాత్రం రెండే వరసలు.

"అంటే ఆయన ముక్కు బాగానే ఉంది," అంది చివరికి.

"బాగానే ఉంది."

"నాది కూడా."

"అవును. హేజెల్, చెప్పాలనే వచ్చాను. నిజంగా చెప్పాలనే..."

"చెప్పావుగా," అంది హేజెల్. "ఇందాకే చెప్పావు. నా కళ్ళలోకి చూసి మరీ చెప్పావు." గొంతు పెంచలేదు, తిట్టలేదు. తిడితే బాగుండుననుకుంది కోరిన్. "నేను కోటు తేకపోతే ఈపాటికి ముక్కలైపోయేదానివి. తెచ్చినందుకు సంతోషించాలో, లేదో నాకిప్పుడు తెలీట్లేదు."

కాగితం మడిచి ఆల్డో కోటు జేబులో పెట్టుకుని ఇంట్లోకి వెళ్ళిపోయింది. తలుపు వేసుకుంటుందేమో అనుకుంది కోరిన్, కాని వేసుకోలేదు. కాసేపటికి తన గ్లాసు పట్టుకుని బయటికొచ్చి మెట్టు మీద కూర్చుంది. గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుంది. కళ్ళు మూసుకోలేదు, తిప్పలేదు, ఆ పద్ధతులేవీ ఆమెకు రావు. రొట్టె కాలిందో లేదో చూసే మనిషిలా వాసన చూసింది. ఒకసారి చూసింది, మరోసారి చూసింది. మూడోసారి చూశాక పెదవులు బిగుసుకున్నాయి.

"పొగ లేదయ్యా, ఆల్డో," అంది గ్లాసులోకి. "వినపడుతోందా ముసలోడా? పొగ లేదు."

గడ్డిలో కోరిన్ అలాగే నిలబడి ఉంది. వెనకాల వ్యాను తలుపులన్నీ తెరుచుకుని ఉన్నాయి, మంచు వాటిలోంచి లోపలికీ బయటికీ తిరుగుతోంది. గ్యాసు పోయిందో లేదో ఆమెకు తెలియడం లేదు. ఎవరైనా వాసన చూసి చెబితే గాని బండెక్కడానికి లేదు. అడగడానికి అక్కడున్నది హేజెల్ ఒక్కతే. అడగలేక అక్కడే నిలబడింది.